ఇంటి పోర్టికోలో కారు పనికి గ్యారేజ్: నేల, కరెంటు, జాకీ, పనిముట్లు... ఏది ముందు?

పటమట_పోర్టికో:
అందరికీ నమస్కారం. విజయవాడ పటమటలో ఇండిపెండెంట్ ఇల్లు. పోర్టికో వెడల్పు 11 అడుగులు, పొడవు 19 అడుగులు, స్లాబు ఎత్తు 10 అడుగులు. మూడు వైపులా గోడ, ముందు గేటు. కింద విట్రిఫైడ్ పార్కింగ్ టైల్స్, గేటు వైపు వాలు. కార్లు రెండు: పెట్రోల్ స్విఫ్ట్, డీజిల్ క్రెటా. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బుష్‌లు (సస్పెన్షన్‌లోని రబ్బర్లు), షాక్ అబ్జార్బర్ల వరకు ఇంట్లోనే చేసుకోవాలి. ఇంజిన్ దించడం, పెయింటింగ్ నా జాబితాలో లేవు. గుంత తవ్విస్తే అన్ని పనులూ సుఖం అని మేస్త్రి అంటున్నాడు. డబ్బు విడతలుగా పెట్టగలను. ఏ వరసలో పోవాలో చెప్పండి.

ట్రాలీజాకీ:
ముందు నేల, తర్వాత కారును ఎత్తి నిలబెట్టే సామాను (ఎత్తే జాకీ, ఎత్తాక కారును మోసే ఇనుప స్టాండ్లు), తర్వాత వెలుతురు, కరెంటు. స్పానర్లు ఆ తర్వాతే. చాలామంది 200 ముక్కల టూల్ కిట్ ముందు కొంటారు, కారును మాత్రం డిక్కీలో వచ్చిన కంపెనీ జాకీ మీద ఎత్తుతారు. ఆ జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాని మీద ఉన్న కారు కింద చెయ్యి కూడా పెట్టకూడదు.

మీ స్థలం లెక్క చూద్దాం. క్రెటా పొడవు దాదాపు 4.3 మీటర్లు, వెడల్పు 1.79. మీ 19 అడుగులు 5.79 మీటర్లు, 11 అడుగులు 3.35. అంటే ముందూ వెనకా కలిపి ఒకటిన్నర మీటరు, కారు మధ్యలో పెడితే పక్కకు 78 సెంటీమీటర్లు మిగులుతాయి. డోరు పూర్తిగా తెరుచుకోదు గాని చక్రం విప్పి కూర్చోవడానికి సరిపోతుంది. పని చేసే వైపు మీటరు పైన వచ్చేలా కారును రెండో గోడకు జరిపి పెట్టుకోండి, రెండు వైపులకీ ఒకేసారి చోటు కావాలని చూడకండి. వెనక గోడకు వర్క్ బెంచ్ వేస్తే లోతు 50 సెంటీమీటర్లు మించనివ్వకండి. ట్రాలీ జాకీని (చక్రాల మీద దొర్లే జాకీ) కారు ముందు నుంచి దూర్చాలంటే జాకీ బాడీ, హ్యాండిల్ ఊపు కలిపి మీటరున్నర దాకా అడుగుతుంది. అలాంటి రోజు గేటు తెరిచి కారును వెనక్కి జరపాల్సిందే.

టైల్స్ విషయం. విట్రిఫైడ్ టైల్ గట్టిదే, దాని కింద సిమెంటు నిండకుండా ఖాళీ ఉంటేనే చిక్కు. చక్రం బరువు టైరు వెడల్పునా పరుచుకుంటుంది. స్టాండు బరువు మాత్రం నాలుగు చిన్న కాళ్ల మీద పడుతుంది, డొల్ల ఉన్నచోట టైల్ ఒక్క దెబ్బకి పగులుతుంది, స్టాండు ఒరుగుతుంది. కర్రతో ప్రతి టైల్ తట్టి చూడండి, డొల్ల శబ్దం వచ్చిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. ప్రతి స్టాండు కింద అడుగున్నర చదరం 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ముక్క తప్పనిసరి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ట్రాలీ జాకీ చేయి నిట్టనిలువుగా లేవదు, వంపు తిరుగుతూ లేస్తుంది. అందుకే కారు లేచేకొద్దీ జాకీ చక్రాలు కొద్దిగా దొర్లాలి. టైల్ సందులోనో గులకరాయి దగ్గరో చక్రం ఇరుక్కుంటే జాకీ తల కారు మీద జారుతుంది. దాని చక్రాల కింద నున్నటి చదును ఉండాలి.

కొనాల్సినవి: 3 టన్నుల ట్రాలీ జాకీ, 3 టన్నుల స్టాండ్లు నాలుగు, రబ్బరు వీల్ చాక్స్ (చక్రం దొర్లకుండా పెట్టే దిమ్మలు) నాలుగు, జాకీ తల మీద పెట్టే గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ ఒకటి. స్టాండు మీద రాసిన టన్నులు ఒక్కో స్టాండుకా, జతకా అన్నది చదివి కొనండి. కొందరు జతకు రాస్తారు. పళ్ల చక్రం రకం కన్నా అడ్డంగా పిన్ను దూర్చే రకం నాకు నమ్మకం. పళ్ల రకమే కొంటే పైన అదనంగా లాక్ పిన్ను ఉన్నదే తీసుకోండి.

ఎత్తే వరస ఇలా. నేల మీద ఉండగానే వీల్ నట్లు పావు తిప్పు వదులు చేయాలి. ముందు ఎత్తితే వెనక చక్రాలకు చాక్స్, హ్యాండ్‌బ్రేక్. వెనక ఎత్తితే హ్యాండ్‌బ్రేక్‌ని నమ్ముకోవద్దు, అది పట్టేది వెనక చక్రాలనే, అవి గాల్లో ఉంటాయి. ముందు చక్రాలకు రెండు వైపులా చాక్స్ పెట్టి మొదటి గేరులో వేయండి. డోరు కింద రేకు అంచులో రెండు గాట్ల మధ్య ఉన్న గట్టి భాగమే జాకీ పాయింట్. గాటు తప్పితే అంచు మడుస్తుంది, అక్కడి నుంచి తుప్పు మొదలు. స్టాండ్ల మీదకి దించాక, కిందకి దూరే ముందు, కారును రెండు చేతులతో గట్టిగా ఊపండి. కదిలితే మళ్లీ ఎత్తి సరిచేయండి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టండి. స్టాండు జారినా కారు ఆ చక్రం మీద ఆగుతుంది.

ఇటుకలు, సిమెంటు హాలో బ్లాకులు ఎప్పుడూ వద్దు. అవి వంగవు, ముందు హెచ్చరిక ఇవ్వవు, ఒక్కసారిగా పొడి అవుతాయి.

ఓరుగల్లు_ఇంజిన్:
గుంత గురించి నేను చెప్తా, ఎందుకంటే మేస్త్రులు దాని మంచి వైపు మాత్రమే చెప్తారు. ఆయిల్ మార్చడానికి, సైలెన్సర్ చూడటానికి గుంత నిజంగా సుఖం. కానీ మీ జాబితాలో బ్రేకులు, బుష్‌లు, షాక్‌లు ఉన్నాయి. వీటికి చక్రం గాల్లో వేలాడాలి. గుంతలో చక్రం నేల మీదే ఉంటుంది, కాబట్టి జాకీ, స్టాండ్లు ఎలాగూ కొనాల్సిందే.

పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. ఫిల్టర్ మార్చేటప్పుడు కారిన కాస్త పెట్రోల్ ఆవిరి గుంత అడుక్కి చేరి అక్కడే ఉంటుంది. వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. బల్బు హోల్డర్ నుంచి ఒక్క నిప్పురవ్వ చాలు. ఎల్పీజీ కూడా ఇంతే, కిందకే దిగుతుంది. సీఎన్జీ మాత్రం తేలిక, పైకి లేస్తుంది, దానికి స్లాబు కింద గాలి పోయే దారి ఉండాలి. ఒకే గ్యారేజ్‌లో పెట్రోల్, సీఎన్జీ కార్లు రెండూ ఉంటే కిందా పైనా రెండు చోట్లా గాలి ఆడాలి.

మీది కృష్ణ ఒడ్డు ఊరు. వానాకాలం భూగర్భజలం పైకి వస్తే గుంతలో ఊట. ఐదడుగుల గుంతకు కింద స్లాబు, గోడలకు వాటర్‌ప్రూఫింగ్, మూలన నీళ్లు తోడే సంపు, వెలుతురు, అడుగు నుంచి గాలి లాగే ఫ్యాను, పైన మూసే బలమైన మూత... ఇవన్నీ పెడితే స్టాండ్లు, జాకీ, లైట్లు, టూల్స్ మొత్తం కొన్నదానికన్నా ఎక్కువవుతుంది. ఇవి పెట్టకపోతే అది పాములకు, ఎలుకలకు, చీకట్లో అడుగు వేసే పిల్లలకు గుంత. ఆయిల్ పని కోసమైతే ఒక జత ఇనుప ర్యాంపులు చాలు. మీరు తవ్వించకండి.

పటమట_పోర్టికో:
గుంత ఆలోచన మానేశాను అన్నా. లైట్లు ఎన్ని పెట్టాలి? ఇప్పుడు స్లాబు మధ్యలో ఒకే ట్యూబ్‌లైట్ ఉంది. గాలి కంప్రెసర్ కూడా పెట్టాలనుంది, ఇప్పుడున్న 6 ఆంపియర్ల సాకెట్ మీద నడుస్తుందా?

కరెంట్_మేస్త్రి:
నడవదు, నడిపించకండి. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ కంప్రెసర్ నడుస్తుండగా 9, 10 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు. డీబీ (ఇంటి మెయిన్ డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి గ్యారేజ్‌కి విడిగా ఒక లైను లాగండి: 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల సి-కర్వ్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చు), దానికి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఒంటి గుండా లీకైతే లైను ఆపేది). బి-కర్వ్ ఎంసీబీ మూడు నుంచి ఐదు రెట్లకే పడిపోతుంది, సి-కర్వ్ ఐదు నుంచి పది రెట్ల దాకా ఓర్చుకుంటుంది. ఇది తెలియక మోటారు పాడైందనుకుని మెకానిక్‌ని పిలిచేవాళ్లు ఎక్కువ.

కంప్రెసర్‌కి ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడొద్దు. సన్న వైరులో ఓల్టేజ్ పడిపోతుంది, మోటారు తిరగలేక గుర్రుమంటుంది, కెపాసిటర్ పోతుంది. సాయంత్రం లో ఓల్టేజ్ ఉండే వీధిలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. వైరు ఆదా కోసం కంప్రెసర్‌ని దగ్గరికి తేవద్దు, గాలి గొట్టాన్ని పొడుగు చేయండి.

ఎర్తింగ్ కొలవండి. మల్టీమీటర్‌తో ఫేజ్‌కి న్యూట్రల్‌కి ఎంత ఉందో, ఫేజ్‌కి ఎర్త్‌కి దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు ఓల్టుల లోపు ఉండాలి. తడి నేల మీద, ఇనుప బాడీ కింద పడుకుని పనిచేసే చోటు ఇది. ఎర్తింగ్ సరిగా లేకపోతే మిగతా పని ఆపి ముందు అది చేయించండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి.

లైట్ల లెక్క. మీ స్థలం 19 చదరపు మీటర్ల పైచిలుకు. నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ ఒక్కోటి సుమారు 2000 ల్యూమెన్లు ఇస్తుంది. ఆరు పెడితే 12,000. గోడలు, దుమ్ము తినేదంతా పోను పనికి చాలినంత వస్తుంది. గోడలకు తెల్ల సున్నం వేస్తే ఇంకా మేలు. కానీ ఎన్ని అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యం. స్లాబు మధ్యలో పెడితే వెలుతురంతా కారు టాప్ మీద పడుతుంది, బానెట్ ఎత్తగానే దాని నీడ ఇంజిన్ మీద. రెండు పక్కల గోడల వైపు రెండేసి, బెంచ్ పైన ఒకటి, చివరిది బానెట్ ముందు అడ్డంగా.

కారు కిందకి 230 ఓల్టుల బల్బు హోల్డర్ తీసుకెళ్లొద్దు. వేడి బల్బు మీద పెట్రోల్ చుక్క పడితే గాజు పగులుతుంది, లోపల ఫిలమెంట్ ఎర్రగా ఉంటుంది. అయస్కాంతం ఉన్న రీఛార్జబుల్ ఎల్‌ఈడీ లైటు వాడండి.

గోటీసెట్:
ఇక పనిముట్లు. ఒకేసారి పెద్ద పెట్టె కొనకండి. మీ రెండు కార్లలో తొంభై శాతం పనికి 10, 12, 14, 17, 19, 21 మిల్లీమీటర్ల సైజులే తిరుగుతుంటాయి. అరంగుళం డ్రైవ్ గోటీ (సాకెట్) సెట్ ఒకటి, అందులో ఆరు పలకల గోటీలే కావాలి. పన్నెండు పలకలవి బిగుసుకుపోయిన బోల్టు మూలల్ని అరగదీస్తాయి. పావంగుళం చిన్న సెట్ ఒకటి, రింగు పానాలు 6 నుంచి 24 వరకు, అలెన్ కీలు, టార్క్స్ బిట్లు, 24 అంగుళాల బ్రేకర్ బార్ (బిగుసుకున్న బోల్టు విప్పే పొడుగు పిడి). చేతి పనిముట్లకు టపారియా కంపెనీవి సరిపోతాయి. రోడ్డు పక్క బరువుకి అమ్మే క్రోమ్ గోటీల జోలికి పోవద్దు. లోపలి గాడి వదులుగా ఉంటే బోల్టు తల గుండ్రం అవుతుంది, ఆ ఒక్క బోల్టు తీయించే ఖర్చు మంచి గోటీ ధరని మించుతుంది. మీకు జవహర్ ఆటోనగర్ పక్కనే, గోటీని చేత్తో పట్టుకుని బోల్టు మీద పెట్టి చూసి కొనండి. హైదరాబాద్ వాళ్లకి రాణిగంజ్.

టార్క్ రెంచ్‌లు (పెట్టిన అంకె బిగువు రాగానే క్లిక్ మనేవి) రెండు కావాలి, ఒకటి చాలదు. వీల్ నట్లు, సస్పెన్షన్‌కి 40 నుంచి 200 న్యూటన్ మీటర్లది. స్పార్క్ ప్లగ్గులు, చిన్న బోల్టులకు 5 నుంచి 25 వచ్చేది. పెద్దదాని మీద చిన్న అంకెలు నమ్మదగ్గవి కావు. దానితో అల్యూమినియం హెడ్‌లో ప్లగ్గు బిగిస్తే మరలు ఊడొస్తాయి. ఏ బోల్టుకి ఎంత అన్నది ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి, పక్క కారు అంకె వాడొద్దు. మరలకు ఆయిల్ గాని గ్రీజు గాని రాస్తే అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది, కాబట్టి వీల్ నట్లు పొడిగానే ఉండాలి. పని అయ్యాక రెంచ్‌ని దాని కనిష్ఠ అంకెకు వదులు చేసి పెట్టాలి. విప్పడానికి దాన్ని వాడకూడదు.

రెంచ్ నిజం చెప్తోందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. రెంచ్ చదరపు తలని వైస్‌లో బిగించి, పిడిని నేలకు సమాంతరంగా ఉంచి, తల మధ్య నుంచి సరిగ్గా 40 సెంటీమీటర్ల దగ్గర 25 కిలోల బియ్యం బస్తా తాడుతో మెల్లగా వేలాడదీయండి. 25 × 9.81 × 0.4, అంటే 98 న్యూటన్ మీటర్లు. రెంచ్ సొంత బరువు ఇంకో రెండు మూడు కలుపుతుంది. 92కి పెడితే క్లిక్ మనాలి, 110కి పెడితే అనకూడదు. ఇప్పుడు కొన్ని బస్తాలు 26 కిలోలవి వస్తున్నాయి, వాటికి 102 వస్తుంది. బస్తా మీద అంకె చదవండి.

మీరు షాక్‌లు అన్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తున్నా. స్ట్రట్‌ని (షాక్, స్ప్రింగు కలిసి ఉండే భాగం) కారు నుంచి విప్పడం ఇంటి పనే. స్ప్రింగుని నొక్కి పైమౌంట్ విప్పడం కాదు. రెండు బోల్టుల స్ప్రింగ్ కంప్రెసర్ ఒక పక్కకి జారితే స్ప్రింగు తుపాకీ గుండులా లేస్తుంది. విప్పిన స్ట్రట్‌ని ఆటోనగర్‌లో స్టాండు మీద స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షాపుకి పట్టుకెళ్లి, కొత్తది ఎక్కించి తెచ్చుకోండి. తర్వాత అలైన్‌మెంట్ ఎలాగూ బయటే.

క్రెటా డీజిల్ కాబట్టి ఇంకోటి. కామన్ రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ తోసే) గొట్టాల్లో 1600 నుంచి 2000 బార్ ఒత్తిడి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ నట్టు వదులు చేసి చూసే పాత పద్ధతి ఈ బండికి పనికిరాదు, ఆ సన్నటి ధార చర్మాన్ని దూసుకుని లోపలికి పోతుంది.

విశాఖ_స్పానర్:
కంప్రెసర్ తప్పకుండా పెట్టండి. 50 లీటర్ల ట్యాంకు, ఆయిల్ పోసే రకం. టైర్లకు గాలి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా శుభ్రం, ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే యంత్రం), అన్నీ దానితోనే. కానీ తీరప్రాంతం వాళ్లు రోజూ పని అయ్యాక ట్యాంకు అడుగున కుళాయి తిప్పి నీళ్లు వదలాలి. మా తేమకి ఒక్క రోజులో గ్లాసుడు నీళ్లు చేరతాయి. ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

గాలి లైనుకి ఇంటి ప్లంబింగ్ పీవీసీ పైపు మాత్రం వేయొద్దు. నీళ్లకు అది మంచిదే, ఒత్తిడి గాలికి కాదు. పగిలితే చీలదు, ముక్కలై ఎగురుతుంది. జీఐ (గాల్వనైజ్డ్ ఇనుప) పైపు గాని, పీయూ (పాలీయురేథేన్) గొట్టం గాని వేయండి.

ట్రాలీజాకీ:
కంప్రెసర్ దగ్గర నాది వేరే మాట. డబ్బా మీద రాసిన లీటర్లు పిస్టన్ తోసేవి, మీకు అందేది అందులో అరవై శాతం చిల్లర. 50 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 6 బార్‌కి పడేలోగా ఇచ్చేది 100 లీటర్ల గాలి. అరంగుళం ఇంపాక్ట్ నిమిషానికి 120 లీటర్ల చుట్టూ తింటుంది, కాబట్టి ఒక చక్రం నట్లు తీసి, కాసేపు ఆగి, ఇంకో చక్రానివి తీయడానికి సరే. శాండర్‌కి (రంగు, తుప్పు గీకే యంత్రం) దానికి రెండింతలకు పైనే కావాలి, అది నడవదు. నట్ల కోసమే అయితే బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ తీసుకోండి. గొట్టం లేదు, చప్పుడు తక్కువ, పొద్దున ఆరింటికి పని మొదలుపెట్టినా పొరుగువాళ్లు లేవరు. మన ఎండలకి పది దాటితే పోర్టికోలో ఎలాగూ ఉండలేం. గాలికి చిన్న ఇన్‌ఫ్లేటర్ చాలు. ఏ ఇంపాక్ట్‌తోనైనా విప్పండి, బిగించడం మాత్రం చేత్తో మొదలుపెట్టి టార్క్ రెంచ్‌తో ముగించండి.

విశాఖ_స్పానర్:
నట్ల వరకు ఒప్పుకుంటా. కానీ ఏసీ కండెన్సర్, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము ఊదడానికి, ఫిల్టర్ డబ్బా మూలలకి ఇన్‌ఫ్లేటర్ పనికిరాదు. రెండో ఏడాది కొనుక్కోండి, అప్పటికి అవసరం తెలుస్తుంది. బ్రేక్ డ్రమ్ముల్లో దుమ్ము మాత్రం గాలితో ఊదొద్దు. చవక లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్‌తో గాని సబ్బు నీళ్లతో గాని తడిపి తుడవండి.

డాలస్_గ్యారేజ్:
ముందుముందు కారును ఎత్తే లిఫ్ట్ ఆలోచన ఉంటే: పది అడుగుల స్లాబు కింద రెండు స్తంభాల లిఫ్ట్ పెట్టకండి. అది 11, 12 అడుగులు అడుగుతుంది, కింద దిట్టమైన కాంక్రీటు కావాలి, టైల్స్ మీద యాంకర్ బోల్టు వేయకూడదు. మడతపడే తక్కువ ఎత్తు సిజర్ లిఫ్ట్ సరిపోతుంది. ఇక్కడ టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లకి ఒక హెచ్చరిక: ఇక్కడి ఇళ్లలో చాలావాటి కింద పోస్ట్ టెన్షన్ స్లాబు ఉంటుంది. లోపల లాగి బిగించిన ఉక్కు తీగలు ఉంటాయి, గ్యారేజ్ నేల మీద డ్రిల్ చేయొద్దని అచ్చు కూడా వేస్తారు. బోల్టు వేసే ముందు స్కాన్ చేయించి తీగ ఎక్కడుందో చూడాలి, తెగితే ఇంటి పునాదికే చేటు.

ఓరుగల్లు_ఇంజిన్:
బెంచ్ గురించి ఎవరూ చెప్పలేదు. మన ఇళ్లలో అలవాటుగా కడప బండ వేస్తారు. చూడ్డానికి బలమే, సుత్తి దెబ్బకి అంచు ఊడుతుంది, అది సున్నపురాయి కాబట్టి బ్యాటరీ యాసిడ్ పడితే పొంగి గుంతలు పడుతుంది. ఇనుప యాంగిల్ ఫ్రేమ్ మీద 25 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన రేకు. వైస్ 5 అంగుళాలది, బెంచ్ కాలు సరిగ్గా కింద ఉండే మూలన. మధ్యలో పెడితే కొట్టిన ప్రతిసారీ బెంచ్ ఎగురుతుంది. టూల్స్ తగిలించే చెక్క బోర్డు గోడకి అంటించొద్దు, చెద పడుతుంది. స్లాటెడ్ యాంగిల్ ఇనుప ర్యాక్ మేలు. అదే చోట బియ్యం, పశువుల దాణా బస్తాలు నిల్వ పెట్టకండి. ఎలుకలు వాటి కోసం వచ్చి వైరింగ్ కొరుకుతాయి.

పాత ఆయిల్ 10 లీటర్ల పళ్లెంలోకి దించి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి పెట్టండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, కాలవలో పోయకూడదు. మీరు కూలెంట్, పెట్రోల్ అందులో కలపకపోతే ఆథరైజ్డ్ రీసైక్లర్‌కి ఇచ్చే సర్వీస్ సెంటర్లు తీసుకుంటాయి. పాత బ్యాటరీ కొత్తది కొనేచోటే ఇవ్వండి. నేల మీద కారిన ఆయిల్‌కి ఊక, రంపపు పొట్టు చాలు. నీళ్లు కొడితే వీధి కాలవకి చేరుతుంది.

గేటు దగ్గర, బయటికి పోయే దారిలో, ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ 4 లేక 6 కిలోలది, ఐఎస్ 15683 గుర్తు ఉన్నది. బెంచ్ పక్కన పెడితే మంట దాటి వెళ్లి తెచ్చుకోవాలి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి చూడాలంటే గేటు పూర్తిగా తెరిచి, సైలెన్సర్ బయటి వైపు ఉండేలా పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. సెల్లార్లలో పనిచేసే అపార్ట్‌మెంట్ వాళ్లకి ఇది మరీ ముఖ్యం.

పటమట_పోర్టికో:
టైల్స్ అన్నీ తట్టి చూశాను. ఎడమ వైపు ముందు చక్రం దగ్గర మూడు టైల్స్ డొల్లగా ఉన్నాయి. వాలు కొలిస్తే గోడ నుంచి గేటు దాకా మూడు అంగుళాలు. స్టాండ్లకి ఈ వాలు ప్రమాదమా? గేటు వైపు స్టాండ్ల కింద ఎక్కువ ప్లైవుడ్ వేసి లెవెల్ చేయనా?

ట్రాలీజాకీ:
19 అడుగులకి మూడు అంగుళాలంటే 76కి ఒకటి, ఒక డిగ్రీ కూడా లేదు. స్టాండుకి పర్వాలేదు. ప్లైవుడ్ ముక్కలు దొంతరగా పేర్చకండి, ఒకదాని మీద ఒకటి జారతాయి. ఎత్తు తేడా కావాలంటే స్టాండు పిన్ను రంధ్రం మార్చండి. వాలు వల్ల జాగ్రత్త చక్రాల దగ్గర: కారు గేటు వైపే దొర్లుతుంది, కాబట్టి నేల మీద ఉండే చక్రాలకు గేటు వైపు చాక్ ముందు పెట్టి, తర్వాత రెండో వైపు. కారు ముక్కు గోడ వైపు పెడితే నూనె కిందకి కారేటప్పుడు డ్రెయిన్ బోల్టు ఇంజిన్‌లో వెనక వైపు ఉన్న కార్లకు వాలు కలిసొస్తుంది. మీ రెండింటికీ బోల్టు ఎటు ఉందో చూసి కారు ఎటు తిప్పాలో నిర్ణయించుకోండి. డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల) మాత్రం ఆ వాలు మీద చూడొద్దు, చదునైన రోడ్డు మీద ఆపి చూడండి.

ఆ మూడు టైల్స్ తీసేసి కింద కాంక్రీటు నింపి కొత్తవి వేయించండి. ప్లైవుడ్ ఉంది కదా అని వదిలేయొద్దు, ఎడమ ముందు స్టాండు పడేది సరిగ్గా అక్కడే. కాంక్రీటు వేశాక వారం రోజులు తడుపుతూ ఆగి, ఆ తర్వాతే బరువు పెట్టండి. ఈలోపు కరెంటు లైను పని చేయించేసుకోవచ్చు.